మళ్లీ మెడికల్ బోర్డుకా?

ప్రశ్న: మాది తుగ్గలి. మా నాయన 2009లో ఆర్మీ నుంచి బీపీతో రిటైరయినారు. డిసెబిలిటీ పెన్షన్ కేసులో ట్రిబ్యునల్ మళ్లీ మెడికల్ బోర్డుకు పంపింది. కేసు పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా, దిగులు పడొద్దు. తేల్చడానికి ఇంకా ఆధారం కావాలన్నారంతే. అన్నిటికన్నా విలువైనది నాయన భర్తీ అయిన రోజు వైద్య పరీక్ష కాగితం. అందులో బీపీ మాట లేకుంటే, ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు మీకు అండ. జబ్బు సర్వీసులోనే వచ్చిందనుకోవాలి. కాదంటే బోర్డే కారణం రాయాలి. ‘సర్వీసుకు సంబంధం లేదు’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. బయటి డాక్టర్ల ఇప్పటి చీటీలకన్నా మిలిటరీ ఆసుపత్రి పాత రికార్డే గట్టిది. అది చేతిలో లేకుంటే రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కర్నూలు సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగండి. బోర్డు తేదీకి మాత్రం తప్పక వెళ్లాలి.