వేసవి సెలవులలో నొకదిన యాత్ర: బొజ్జన్నకొండ

వేసవి రాగానే మాడుగుల బాలబాలికలు అరకును, బొర్రాగుహలను తలంతురు. దగ్గరనున్న బొజ్జన్నకొండను దలంచువా రరుదు. చోడవరము మీదుగా అనకాపల్లి చేరి, అచ్చటినుండి శంకరము గ్రామమునకు బోవలయును. సంఘారామమను మాటయే శంకరమైనదందురు. 1906లో అలెగ్జాండరు రీ యను పురాతత్త్వశాఖాధికారి యిచట త్రవ్వింపగా, ఇటుక కట్టడములును, సముద్రగుప్తుని బంగారు నాణెమును బయల్పడెను.

పడమటి గుట్టయైన లింగాలకొండను నింపాదిగా జూడుడు. జనులు లింగములనునవి నిజమునకు వరుసలుగానున్న బౌద్ధస్తూపములు. రాళ్లు తెచ్చి పేర్చినవి కావవి. కొండరాతినే చెక్కి, అక్కరలేని భాగమును తొలగించి, గుండ్రని రూపమును మిగిల్చిరి. ఇటుకగోడ చెడిన మరల గట్టవచ్చును. ఇచట నొక్క ఉలిదెబ్బ తప్పిన నతుకుట కుదరదు. ఆ శిల్పుల యోర్పు నాకు విగ్రహములకంటెను వింతగా దోచును.

బొజ్జన్న యనగా రాక్షసుడని యెంచి, కనుమనాడు ఈ కొండపై రాళ్లు రువ్వు నాచారము ఇటీవలి కాలమువరకు నుండెను. బౌద్ధుల యారామమని తెలియకపోవుటచే గలిగిన చేటిది. చదువుకొన్నవారు గోడలపై దమ పేళ్లు గీయుట మాత్రము తెలియక చేయుపని కాదు.

ఎండకు రాయి త్వరగా కాలును గాన తెల్లవారకమునుపే బయలుదేరుడు. మంచినీరు, చద్దిమూట, వ్రాతపుస్తకము మరువవలదు. స్తూపముల వరుసల నెంచి, పుస్తకములోనే వ్రాసికొనుడు.