దంతచికిత్స తరువాత బుగ్గవాపు: చర్మము క్రింద చేరు గాలి

పంటికి లేజరు చికిత్స చేయించుకొని ఇల్లు చేరులోపలనే బుగ్గ పొంగి, కన్ను మూసుకొనిపోవుట అరుదుగా జరుగును. అప్పుడు ఇంటివారు ప్రేమతో చేయు ఉపచారమే హాని తెచ్చునది గనుక ఈ విషయమును వ్రాయుచున్నాను.

లేజరు కాంతియే గాని గాలి కాదు. చిగుళ్లు కోయుటకు వాడు కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో మన దేశమున పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలో కనిపెట్టెను. పంటిని తొలుచుటకు ఎర్బియం లేజరు వాడుదురు. కాంతి తగిలినచోట పుట్టు వేడిని చల్లార్చుటకు పరికరపు కొననుండి వత్తిడితో గాలిని ఊదుదురు. ఎర్బియం లేజరులో దానికి నీటితుంపర కూడ తోడగును. ఆ గాలి చిగుళ్ల సందులోనికో, కోసిన గాయములోనికో దూరినచో చర్మము క్రింది వదులైన పొరలలో వ్యాపించును. గాలితో తిరుగు మామూలు మర వలనను ఇట్లే కలుగవచ్చును. క్రింది జ్ఞానదంతముల వద్ద మరింత జాగ్రత్త వలయును; అచ్చటి పొరలకు మెడలోనికి, మెడనుండి రొమ్ము లోపలికి దారి కలదు.

గుర్తుపట్టుట కష్టము కాదు. వాపు హఠాత్తుగా వచ్చును. ఎరుపు, నొప్పి అంతగా ఉండవు. వ్రేలితో మెల్లగా తాకినచో లోపల మరమరాలు నలిగినట్లు చిటపటలాడును. చీమువాపు రోజుల మీద పెరుగును, కాక పుట్టించును. మందు పడనందున వచ్చు వాపులో దురదయో దద్దురులో ఉండవచ్చును గాని ఈ చిటపట ఉండదు.

గాలి అనగానే మనవారు వాతమని తలచి తైలమర్దనమునకు దిగుదురు. మా శాస్త్రములోని వాతదోషము వేరు, ఈ గాలి వేరు. ఒక గృహిణికి ఇట్టి వాపు రాగా అత్తగారు నువ్వులనూనె రాచి, ఆముదపుటాకు కాచి కట్టిరి. రాత్రికి వాపు మెడకు దిగినది. నేను తాకి చూచి, ఏ ఔషధమును ఇయ్యక వెంటనే ఆస్పత్రికి పంపితిని. అచ్చట ఎక్స్‌రే తీసి, కనిపెట్టుకొని ఉండి, నోటిలోని క్రిములు గాలితోపాటు లోనికి పోయి ఉండునని యాంటీబయాటిక్ మందు ఇచ్చిరి. వారమునకు వాపు దిగినది. సాధారణముగా 3 మొదలు 10 దినములలో ఆ గాలి తనంతట ఇంకిపోవును.

కావున రుద్దరాదు, నొక్కరాదు, కాపడము పెట్టరాదు. ముక్కు చీదరాదు, తుమ్ము ఆగనిచో నోరు తెరచి తుమ్మవలెను. శంఖము, పిల్లనగ్రోవి, పిల్లల బూరలు ఊదరాదు. పన్ను తీయించుకొని బాకా ఊదిన ఒకనికి ఇట్టి వాపు వచ్చినట్లు 1900లోనే వైద్యులు వ్రాసియున్నారు! కపాలభాతి, భస్త్రిక కూడ మానవలెను. ఈ పత్రికలో మేము తరచు చెప్పు తైలగండూషము, పుక్కిలింతలు సైతము అప్పటికి పనికిరావు.

వాపు కనబడగానే చికిత్స చేసిన దంతవైద్యునికి తెలుపుడు. ఊపిరాడకున్నను, ఎదలో నొప్పి కలిగినను, గొంతు మారినను, మ్రింగుట కష్టమైనను, చూపు తగ్గినను అర్ధరాత్రియైనను పెద్దాస్పత్రికి పోవలెను. గాలి రక్తనాళములలో చేరుట మిక్కిలి అరుదు గాని ప్రాణాంతకము. అందుచేతనే తెరచిన గాయములోనికి, ఎముకలోనికి గాలి ఊదకుండ వైద్యులు జాగ్రత్తపడుదురు. చికిత్సకు ముందే దానిని గూర్చి అడుగుటకు మీరు మొగమాటపడనక్కరలేదు. గండూషము మరల మొదలిడుట గాయము మానినదని దంతవైద్యుడు చెప్పిన పిమ్మటనే.