పరీక్షకు ముందే కొన్న సీటు

సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాల తెరచునప్పటికి పదవ తరగతి పిల్లలలో కొందరి ముఖములు మారియుండుట మేము ఏటేట చూచుచున్నాము. పండుగకు నవ్వుచు పోయినవారే వీరు. ఆ దినములలో వారి యిండ్లకు చుట్టములతోపాటు మరియొకడు వచ్చిపోవుచున్నాడు. అతడు హైదరాబాదులోని యేదో ఇంటర్మీడియేటు కళాశాల తరపున తిరుగు ఏజెంటు. ఆర్మూరు వైపు రైతులు పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి నిజామాబాదు మార్కెటుకు తోలు కాలమేదో, చేతిలో నాలుగు రూపాయలాడు వేళ యేదో అతనికి బాగుగ తెలియును. ఇప్పుడు కట్టినచో ఫీజులో తగ్గింపు కలదనియు, ఫలితములు వచ్చిన పిమ్మట సీటు దొరకదనియు చెప్పి, అడ్వాన్సు పుచ్చుకొని రసీదు చేతిలో పెట్టి పోవును. పరీక్షలు మార్చిలో గదా! సీటు జనవరిలోనే అమ్ముడుపోయినది.

ఇది నిబంధనలకు విరుద్ధము. ప్రవేశముల కాలపట్టికను ఇంటర్మీడియేటు బోర్డు తానే ప్రకటించును. దానికి ముందుగ విద్యార్థులను చేర్చుకొనరాదని హెచ్చరించుచునే యున్నది. అయినను ఏజెంటు రాక మానలేదు, తలిదండ్రులు కట్టుట మానలేదు. వారిని నిందించుటకు మాకు నోరాడదు. బిడ్డ తమకంటె బాగుగ బ్రదుకవలెనను కోరికయే వారిచేత ఆ పని చేయించుచున్నది.

రెండేండ్ల క్రిందట బోధను వైపునుండి వచ్చిన యొక బాలుడు మా తరగతిలో నుండెను. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీలో అతని తండ్రి పనివాడు. 2015 డిసెంబరులో శక్కర్‌నగరులోని ఆ ఫ్యాక్టరీ మూతపడగా, ఆయన కౌలుకు పొలము తీసికొని వరి వేయుచుండెను. పండుగ తరువాత బాలుడు పుస్తకము తెరచి ఒకే పుటను గంటసేపు చూచుచుండెడివాడు. అన్నము సగము వదలివేయుచుండెను. మేము అతనిని సోమరియని తలచితిమి. తరగతిలో అందరియెదుట మందలించితిమి కూడ. ఆ సంగతి నేటికిని మాకు సిగ్గు కలిగించుచున్నది.

ఒకనాటి సాయంకాలము ఒంటరిగ కూర్చుండబెట్టుకొని అడుగగా చాలసేపు మాటాడలేదు. చివరకు, "మా బాపు అప్పు తెచ్చి నలభై వేలు కట్టిండు సార్. నాకు మార్కులు రాకుంటే ఆ పైసలు మునుగుతయి" అనెను.

వానికి లెక్కలయందు గాని భౌతికశాస్త్రమందు గాని భయము లేదు. వాని భయమంతయు ఆ రసీదు. పదునైదేండ్ల పిల్లవాడు కుటుంబపు అప్పును తన తలపై మోయుచు కూర్చున్నాడు. ఆ బరువు పెట్టితినని తండ్రి యెరుగడు. మరుసటి ఆదివారము తండ్రిని పిలిపించితిమి. ఆయన కొంతసేపు నేలచూపులు చూచి, కొడుకు భుజముపై చేయి వేసి, "పైసల సంగతి నేను చూసుకుంట బిడ్డా, నువ్వు పండుకో" అనెను. మేము నెలరోజులు చెప్పిన మాటలకంటె ఈ యొక్క మాట పనిచేసినది.

"పండుకో" అన్నది చిన్న మాట గాదు. ఈ వయస్సువారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. యౌవనారంభమున శరీరములోని గడియారమే వెనుకకు జరుగును. నిద్రను తెచ్చు మెలటోనిను ప్రొద్దుపోయిన తరువాత గాని ఊరదు. రాత్రి పదకొండు గంటలకు కన్నుమూసిన వానిని తెల్లవారుజామున నాలుగింటికి లేపినచో, ముందునాడు చదివినది మనస్సున నిలుచుటకు కావలసిన నిద్రయే కోసివేయబడును. వేకువ చదువును మేమును చిరకాలము పొగడితిమి. ఆ యేటినుండి మా హాస్టలులో ఉదయపు చదువును ఐదింటినుండి ఆరింటికి మార్చితిమి.

ఇక సీట్ల మాట. ఫలితముల తరువాత సీటు దొరకదనుట నిజము కాదు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలు ఫలితముల పిమ్మటనే చేర్చుకొనును. పాలిటెక్నిక్కునకు పాలిసెట్టు కలదు. గోదావరి దాటిన వెంటనే బాసరలో 2008లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులనుబట్టి ఆరేండ్ల ఇంజనీరింగు చదువునకు చేర్చుకొనుచున్నది. అయితే అదియు పదునైదేండ్లకే ఇల్లు విడిచిపోవు దారియని మరువరాదు. బిడ్డను అడిగి మరి పంపవలెను. పదవ తరగతి తప్పినవారికి ఆ వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష కలదు, ఏడాది పోదు.

వ్రాయుటకు చేయి రాని సంగతి యొకటి మిగిలినది. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియేటు ఫలితములు వచ్చిన కొలదిదినములలో మన రాష్ట్రమున ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. బిడ్డ నిద్రాహారములు మాని, స్నేహితులను విడిచి, తాను లేకున్న ఇంటికి మేలని పలికినచో దానిని పిల్లమాటయని త్రోసివేయరాదు. చనిపోవలెనని తోచుచున్నదా యని సూటిగ అడుగవచ్చును. అడిగినందువలన లేని తలంపు పుట్టదు. అడిగినవారున్నారని బిడ్డకు తెలియును. ఆపై బిడ్డను ఒంటరిగ విడువక వైద్యునికి చూపవలెను. 2022లో ప్రభుత్వము పెట్టిన టెలిమానస్ 14416 నంబరునకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును; తెలుగులోనే మాటాడుదురు. విద్యార్థులారా, మీరును చేయవచ్చును. ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఆ బాలుడు మంచి మార్కులతోనే ఉత్తీర్ణుడయ్యెను. హైదరాబాదునకు పోనని తండ్రితో చెప్పి బోధనులోనే ప్రభుత్వ కళాశాలలో చేరెను. కట్టిన నలుబది వేలలో ఒక్క రూపాయియు తిరిగి రాలేదు. అప్పు తీర్చుటకు రెండు పంటలు పట్టినవి. మొన్నటి సంక్రాంతికి వాని చెల్లెలి కొరకు మరియొక ఏజెంటు వచ్చెనట. తండ్రి అతనికి చాయ ఇచ్చి, ఫలితములు వచ్చిన తరువాత కనబడుమని పంపివేసెనని ఆ బాలుడే వచ్చి మాకు చెప్పెను.