మీటర్లలో కొలవలేని మనిషి విలువ



పిల్లల చేతిలో ఫోను ఉన్నదని మనకు తెలుసు. ఆ ఫోనులో వారు ఎవరిని వెదుకుతున్నారో మాత్రం అడగము. తోటి మగవారి పట్ల ఆకర్షణ కలిగిన యువకులు, అంటే ‘గే’ అని చెప్పుకొనేవారు, మన విచారణల్లోనూ ఉన్నారు. వారిలో అనేకులు తోడు కోసం డేటింగ్ యాప్‌లను ఆశ్రయిస్తున్నారు. అవి వారి బంధాలను, ఆత్మగౌరవాన్ని ఎలా మారుస్తున్నాయో ఈ వారం తెలుసుకొందాం.

1. యాప్ పనితీరు

గ్రైండర్ అనే యాప్ 2009లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ప్రారంభమైంది. దాన్ని తెరిస్తే ఫొటోలు గళ్ళు గళ్ళుగా కనబడతాయి. గుణాన్ని బట్టి కాదు, దూరాన్ని బట్టి వరుస. దాచుకోకపోతే ఎవరు ఎంత దూరంలో ఉన్నారో కూడా చూపుతుంది. నచ్చితే పలకరింపు, నచ్చకపోతే ఒక్క నొక్కుతో ‘బ్లాక్’.

2. మేలు లేదా?

ఉన్నది. చిన్న ఊళ్ళో ‘నేనొక్కడినే ఇలా ఉన్నాను’ అని కుమిలిపోయే యువకునికి, తనవంటివారు ఇంకా ఉన్నారని తెలియడమే పెద్ద ఊరట. అక్కడ స్నేహితులు దొరికినవారు, జీవితాంతపు తోడు దొరికినవారు కూడా ఉన్నారు. 2017లో అమెరికాలో జరిగిన ఒక సర్వే ప్రకారం, కొత్తగా కలిసిన స్వలింగ జంటల్లో సుమారు 65 శాతం ఇంటర్నెట్ ద్వారానే పరిచయమయ్యారు.

3. మనసుపై దెబ్బ

కాని అక్కడ మనిషికి ముందు ఫొటో కనబడుతుంది. లావుగా ఉన్నవారు, నల్లనివారు, నడకలో మాటలో ఆడతనం ఉన్నవారు తమకు వద్దని కొందరు బాహాటంగానే వ్రాసుకొంటారు. ఈ అవమానాలు ఎంత ముదిరాయంటే, 2018లో ఆ కంపెనీయే వీటికి వ్యతిరేకంగా ప్రచారం చేపట్టవలసి వచ్చింది. పంపిన పలకరింపుకు జవాబు రాని యువకుడు ‘నా ఫొటో నచ్చలేదు’ అనుకోడు. ‘నేనే పనికిరాను’ అనుకొంటాడు. మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తాడు. ప్రకటనల మీద, చందాల మీద బ్రతికే కంపెనీకి కావలసినదీ అదే.

బంధం సంగతి కూడా అంతే. ‘ఇంతకన్నా మంచివాడు తరువాతి వరుసలో ఉన్నాడేమో’ అన్న ఆశ, దొరికిన స్నేహానికి వేరూననివ్వదు. నిన్నటి దాకా మాట్లాడినవాడు ఈరోజు కారణం చెప్పకుండానే మాయమవుతాడు.

4. రహస్యానికి ధర

వినియోగదారులు తెలిపిన హెచ్.ఐ.వి. వివరాలు కూడా ఇతర సంస్థలకు చేరాయని 2018లో బయటపడింది. అనుమతి లేకుండా సమాచారం పంచుకొన్నందుకు 2021లో నార్వే అధికారులు గ్రైండర్‌కు 6.5 కోట్ల క్రోనర్ల జరిమానా విధించారు.

మన దేశంలో మరో ప్రమాదం ఉన్నది. ముఠాలు దొంగ పేరుతో పరిచయం చేసుకొని, గదికి పిలిచి, వీడియో తీసి, ‘మీ ఇంట్లో చెబుతాం’ అని డబ్బు గుంజుతాయి. ఇటువంటి కేసులు పలు నగరాల్లో నమోదయ్యాయి. ఒక్కసారి ఆలోచించండి: ఆ దొంగ చేతిలో ఉన్న ఆయుధం ఏది? కత్తి కాదు, వీడియో కూడా కాదు. మన ఇంటి భయం! ‘మా అమ్మకు, నాన్నకు ముందే తెలుసు’ అని అనగలిగిన కొడుకును ఎవరు బెదిరించగలరు?

5. మన బాధ్యత

ఇది వ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీనిని వ్యాధుల జాబితా నుండి తొలగించింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో, పెద్దలు ఇష్టపూర్వకంగా ఏర్పరచుకొన్న స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. శ్రీసభ నైతిక బోధన మీకు తెలిసినదే. అయితే 1992 నాటి సత్యోపదేశ గ్రంథం వీరిని గౌరవంతో, కనికరంతో స్వీకరించాలనీ, అన్యాయమైన వివక్ష చూపరాదనీ కూడా బోధిస్తున్నదని మరువరాదు.

కనుక కొట్టడం, ఫోను లాక్కోవడం, ‘పెళ్ళి చేస్తే అదే సర్దుకొంటుంది’ అని ఒక అమాయకురాలి జీవితాన్ని పణంగా పెట్టడం పరిష్కారాలు కావు. బెదిరింపు వస్తే డబ్బు పంపవద్దని, సందేశాలను చెరిపివేయవద్దని బిడ్డకు చెప్పండి. సైబర్ నేరాల సహాయానికి 1930కు, మనసు క్రుంగినప్పుడు టెలీ మానస్ 14416కు ఫోను చేయవచ్చు.

ఇంట్లో మాట్లాడుకోండి

• మన బిడ్డ తన మనసులోని మాటను మొదట మనకే చెప్పగలడా?
• ఇలాంటివారిని గురించి మన ఇంట్లో వేళాకోళం చేసినప్పుడు, పక్కన కూర్చుని మౌనంగా వింటున్నది ఎవరు?