పాస్‌వర్డ్, ఓటీపీ ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మా ట్యూషన్ సెంటర్ ఫీజుల లెక్కలు, పిల్లల వివరాలు అన్నీ గూగుల్ డ్రైవ్‌లోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ గట్టిదే. లాగిన్ అయినప్పుడు ఫోన్‌కు ఓటీపీ కూడా వస్తుంది. ఇంకేమైనా చేయాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఓటీపీ ఉండటం మంచిదే, కానీ అదొక్కటే చాలదు. మోసగాళ్లు అచ్చం గూగుల్‌లా కనిపించే పేజీ పెట్టి, మీరు కొట్టిన పాస్‌వర్డ్‌నూ ఓటీపీనీ అప్పటికప్పుడే అసలు సైట్‌లో వాడేస్తారు. మీ పేరిట డూప్లికేట్ సిమ్ తీసుకున్నా ఓటీపీ వాళ్లకే చేరుతుంది. అథెంటికేటర్ యాప్‌లో ప్రతి 30 సెకన్లకు మారే కోడ్‌కు సిమ్‌తో పని లేదు. కానీ నకిలీ పేజీలో కొడితే అదీ పోతుంది.

అన్నిటికన్నా గట్టిది పాస్‌కీ. వేలిముద్రతోనో ఫోన్ పిన్‌తోనో లాగిన్ అవుతారు. అది అసలు సైట్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీలో పనిచేయదు. ఖాతా సెట్టింగుల్లో ‘సెక్యూరిటీ’లోకి వెళ్లి పెట్టుకోండి. అక్కడే వచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో దాచండి. ఫోన్ పోతే అవే ఆదుకుంటాయి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది.

సిబ్బందికి మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఎవరి ఖాతా వాళ్లకే ఉండాలి, వాళ్లకు కావలసిన ఫోల్డర్ మాత్రమే షేర్ చేయండి. ఉద్యోగం మానేసినవారిని ఆ రోజే షేరింగ్ నుంచి తొలగించండి.