హనుమంతుని స్వభావము - చిత్తజ్ఞత

తిరుమలలో శ్రీవారి ఆలయమునకెదురుగా వెలసిన బేడి ఆంజనేయస్వామిని యాత్రికులు భక్తితో సేవించుచుందురు. చపలుడైన బాలునికి తల్లి అంజనాదేవియే సంకెలలు వేసెనని ప్రతీతి. మరి పెద్దవాడైన పిదప ఆ చాపల్యమేమైనది?

సుందరకాండమున దీనికి సమాధానము గలదు. రావణాంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని సీతయని భ్రమించి హనుమంతుడు స్తంభములెక్కి దూకెను, తోకను ముద్దాడెను. అది కపిస్వభావమేయని వాల్మీకి దాచక చెప్పినాడు. కాని రాముని యెడబాసిన సీత అలంకరించుకొని నిద్రించునా యని అంతలోనే తన భ్రమను దిద్దుకొనెను. అశోకవనమున శింశుపావృక్షముపై నుండి, తాను సంస్కృతమున పలికినచో జానకి తనను రావణుడని తలచి భయపడునని యోచించి, రామకథతో మెల్లగా మొదలిడెను. పరుల మనస్సునెరుగుట యన నిదియే. 1990లో సాలొవే, మేయర్ అను అమెరికా మనస్తత్త్వవేత్తలు భావోద్వేగ ప్రజ్ఞ అను పేర విచారించినది ఇట్టి శక్తినే. అది వ్యక్తిత్వ లక్షణములకన్న వేరైన సామర్థ్యమని వారి మతము.

అయితే పరుల మనస్సునెరిగినవాడు తన కోపమును సదా గెలుచునా? లంకాదహనానంతరము సీతయు దగ్ధమైనదేమోయని హనుమంతుడు తల్లడిల్లెను. రోషమునకు లోబడి నిలకడలేని కోతితనమును చాటుకొంటినని తన్ను తానే నిందించుకొనెను. అంతటి బుద్ధిమంతుడు తనలో ఆ స్వభావమింకను మిగిలియున్నదని తానే గుర్తించుట ఇచట గమనింపదగినది. చారణుల మాటలవలన ఆమె క్షేమమెరిగి సంతసించియు, కన్నులార చూచినగాని తిరుగు ప్రయాణమునకు మనస్సొప్పక, మరల శింశుపామూలమునకేగెను.