కొండ ఊటనీళ్లకు క్యాండిల్ ఫిల్టర్

అనకాపల్లి,
జూన్ నెలాఖరు.

అమ్ములూ,

పాడేరు అవతల ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగానికి చేరావనీ, బడి పక్కనే ఇల్లు కూడా దొరికిందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. మంచినీళ్ల సంగతేమిటని అడిగాను. "కొండమీది ఊట నుంచి పైపు వేశారట, గ్రావిటీ నీళ్లట, గ్లాసులో పోస్తే తేటగా ఉన్నాయట, కాచే పని కూడా లేదంటోంది" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఉత్తరం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఏఎన్ఎమ్‌గా నా ఉద్యోగంలో చాలాకాలం ఆ ఏజెన్సీలోనే గడిచింది. నేను ఓఆర్ఎస్ పట్టించిన వాళ్లలో ఎక్కువమంది తాగింది తేటనీళ్లే. ఊట పుట్టేచోట నీరు నిజంగానే మంచిది కావచ్చు. తొట్టెలో చేరి, పైపుల్లో దిగి, నీ కుళాయి దాకా వచ్చేలోగా దానికి చాలా అవుతుంది. మేకలూ పశువులూ దాహానికి ఆ ఊట దగ్గరికే వస్తాయి. వాన పడితే వాలుమీద ఉన్నదంతా కొట్టుకొచ్చి గెడ్డలోనూ తొట్టెలోనూ పడుతుంది. దారిలో ఏ పైపు అతుకైనా ఊడితే, పైనుంచి నీళ్లు ఆగిన వేళ చుట్టూ ఉన్న బురదనీరు లోపలికి పోతుంది. తొలకరి పడగానే విరేచనాల కేసులు మొదలవడం నేను ఏటా చూసిందే.

ఆర్వో మిషన్ కొనమని ఎవరో చెప్పారట. నీకది వద్దు. ఉప్పునీళ్లకూ ఫ్లోరైడు నీళ్లకూ ఆర్వో కావాలి. కొండ ఊటల్లో లవణాలు మామూలుగా తక్కువే ఉంటాయి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగడానికి ఇబ్బంది లేదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అంత తక్కువున్న చోట ఆర్వోలను ఆపించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2019లో కేంద్రానికి చెప్పింది. పైగా గాలివాన వస్తే అక్కడ కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ మిషన్ కొంత నీటిని శుద్ధి చేసి మిగతాది పారబోస్తుంది. బిందెలతో నీళ్లు మోసుకునే ఊళ్లో ఆ పని చేయడానికి మనసెలా ఒప్పుతుంది? నీకు కావలసింది రెండు క్యాండిళ్ల స్టీలు ఫిల్టర్. కరెంటు అక్కర్లేదు, పైపుల ఒత్తిడి అక్కర్లేదు. పైన పోసిన నీళ్లు తమ బరువుతో తామే దిగుతాయి.

క్యాండిల్ అంటే లోపల డొల్లగా ఉండే పింగాణీ గొట్టం. కాల్చినప్పుడు రేణువుల మధ్య మిగిలే సందులు మంచి క్యాండిల్లో ఒక మైక్రాను లోపే ఉంటాయి. కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాలు తెచ్చే బాక్టీరియా చాలావరకు ఆ గోడలోనే చిక్కుకుపోతుంది. అమీబా, జియార్డియా తిత్తులు ఇంకా పెద్దవి, అవీ దాటలేవు. అందువల్ల ఫిల్టర్ బలమంతా ఆ గోడలోనే ఉంది. గోడలో వెంట్రుకంత పగులున్నా, వాషర్ పక్కన కొంచెం సందున్నా నీళ్లు ఆ దారినే పోతాయి. వడగట్టిన నీళ్లూ వడగట్టని నీళ్లూ కిందికొచ్చాక ఒకేలా కనిపిస్తాయి.

అందుకే బిగించేటప్పుడే జాగ్రత్త పడాలి. చేతులు సబ్బుతో కడుక్కో. కొత్త క్యాండిళ్లను మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టు. తెల్లారాక ఒక్కోదాన్నీ పరీక్షించు. కింద మర ఉన్న గొట్టానికి సన్నటి ప్లాస్టిక్ పైపు తొడిగి, క్యాండిల్‌ని బకెట్ నీళ్లలో పూర్తిగా ముంచి, పైపులోంచి నోటితో మెల్లగా ఊదు. బాగా తడిసిన మంచి క్యాండిల్ నోటి గాలికి లొంగదు. ఒకచోట నుంచి బుడగలు వరసగా వస్తుంటే అక్కడ పగులున్నట్టే. పింగాణీ, ప్లాస్టిక్ అడుగు అతుక్కునే చోట ముఖ్యంగా చూడు, ఊడితే ముందు అక్కడే ఊడుతుంది. అలాంటిది దుకాణానికి తిరిగి ఇచ్చెయ్.

పై డబ్బా అడుగున ఉన్న రంధ్రంలో క్యాండిల్ పెట్టేటప్పుడు రబ్బరు వాషర్ ఏ వైపు రావాలో అట్టపెట్టె మీద బొమ్మ ఉంటుంది, చూసి పెట్టు. బిగించేటప్పుడు తెల్లటి పింగాణీని పట్టుకుని తిప్పకు. ప్లాస్టిక్ అడుగును ఒక చేత్తో పట్టుకుని, కింది నట్టును రెండో చేత్తో తిప్పు. పట్టకారు పెట్టకు, చేతి బిగువు చాలు. ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది. బిగించాక పై డబ్బాను ఖాళీ గిన్నె మీద పెట్టి, పింగాణీ తడవకుండా ప్లాస్టిక్ అడుగు మాత్రం మునిగేలా కొంచెం నీళ్లు పోసి అరగంట చూడు. అప్పుడు కింద ఒక్క చుక్క పడినా అది వాషర్ పక్కనుంచి వచ్చిందే. విప్పి, వాషర్ సరిచేసి మళ్లీ చూడు. విసుగనిపించినా ఈ పరీక్ష మానకు.

మొదటి రెండు విడతల నీళ్లు మట్టి వాసన వేస్తాయి, మొక్కలకు పోసెయ్. తర్వాత తాగొచ్చు. ఒక్కో క్యాండిల్ నుంచి గంటకు లీటరు వస్తే మంచిదే. పైన నీళ్లు తగ్గేకొద్దీ ధార కూడా సన్నబడుతుంది, చెడిపోయిందనుకోకు. రాత్రి పడుకునేముందు నింపితే తెల్లారేసరికి తాగే నీళ్లు సిద్ధం. నింపేముందు కింది డబ్బాలో ఎంత ఉందో చూసుకో. అందులో సగముండగా పైన నిండా పోస్తే, మిగులు నీళ్లు రెండు డబ్బాల మధ్య అతుకులోంచి కారి తెల్లారేసరికి ఇల్లంతా తడి. ఎండ పడే కిటికీ పక్కన పెట్టకు, పాచి పడుతుంది. గ్లాసు సులువుగా పట్టేంత ఎత్తున్న బల్ల చాలు.

వానాకాలంలో ఎర్రనీళ్లు వస్తాయి. వాటిని అలాగే పోస్తే క్యాండిల్ రెండు పూటల్లో మూసుకుపోతుంది. ముందు నాలుగు మడతల పాత నూలుబట్టతో వడగట్టు. పటిక ముక్కను నీళ్లలో నాలుగైదు చుట్లు తిప్పి తీసెయ్. అడవిలో దొరికే చిల్లగింజను బిందె లోపలి అంచున అరగదీసే అలవాటు మనవాళ్లకు తరాలుగా ఉంది, అదీ మంచిదే. గంటా రెండు గంటల్లో మట్టి అడుగుకు దిగుతుంది. పైతేట మాత్రం వంచి ఫిల్టర్లో పోసుకో.

ఇక శుభ్రం చేయడం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ధార బాగా సన్నబడితే క్యాండిల్ కడగాల్సిన వేళ వచ్చినట్టు. వానల్లో వారానికోసారైనా కడగాల్సి రావొచ్చు, వేసవిలో నెల దాటినా ఫర్వాలేదు. మర ఉన్న గొట్టం నోటిని బొటనవేలితో మూసి, అదే వైపు పైకి పట్టుకో. మురికినీళ్లు ఆ నోట్లోకి పోతే అవి తాగే వైపుకే చేరతాయి. మెత్తటి బ్రష్షుతో గానీ కొత్త పీచుతో గానీ మెల్లగా తోము. పైపొర ఊడి తెల్లటి పింగాణీ కనిపిస్తే చాలు. సబ్బు, గిన్నెల పొడి, బ్లీచింగ్ ఏదీ వద్దు, పింగాణీ వాటిని పీల్చుకుని తర్వాత నీళ్లలోకి వదులుతుంది. చివరిసారి ఫిల్టర్ నీళ్లతోనే కడుగు. క్యాండిల్‌ని ఉడకబెట్టొచ్చని పెట్టె మీద రాసుంటేనే ఉడకబెట్టు. లోపల బొగ్గు నింపిన రకాలకు అది పనికిరాదు.

తోమిన ప్రతిసారీ గోడ కొంత అరుగుతుంది. అందుకని కొత్త క్యాండిల్ నడుం చుట్టూ దారం చుట్టి, కొసలు సరిగ్గా కలిసిన చోట కత్తిరించి దాచుకో. కడిగినప్పుడల్లా చుట్టి చూడు. కొసలు ఒకదానిమీదొకటి వేలి వెడల్పు ఎక్కితే ఆ క్యాండిల్ మార్చెయ్. చేయిజారి కింద పడితే మాత్రం పగులు కనబడకపోయినా మార్చెయ్. రెండిట్లో ఒకటి పోయినా రెండూ కొత్తవి వేస్తేనే నాకు నిశ్చింత.

ఒక ఇంట్లో నేను చూసింది చెప్తాను. డబ్బా మెరిసిపోతోంది, క్యాండిళ్లు కొత్తవి, అయినా చంటిదానికి విరేచనాలు తగ్గడం లేదు. చూద్దును గదా, కుళాయి మూసుకుపోయి చుక్కచుక్కగా వస్తోంది. అందుకని పై డబ్బా పక్కకు తీసి, కింది డబ్బాలో స్టీలు గ్లాసు ముంచుకుంటున్నారు. అప్పుడే పొయ్యి దగ్గర నుంచి వచ్చిన చెయ్యి మణికట్టు దాకా నీళ్లలో మునిగింది. కింది డబ్బాలోకి చేయిగానీ గ్లాసుగానీ వెళ్లిందంటే క్యాండిల్ చేసిన పనంతా వృథా. అందుకే కుళాయిని వారానికోసారి విప్పి లోపల బ్రష్షు పెట్టి తోము. వేలితో తడిమితే జారుడుగా పొర తగులుతుంది, అదే పోవాలి. కింది డబ్బాను సబ్బుతో కడిగి, చివర మాత్రం కాచిన నీళ్లతో తొలువు. పచ్చి నీళ్లతో తొలిచి వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంత జాగ్రత్త పడినా ఈ ఫిల్టర్ ఆపలేని క్రిమి ఒకటుంది, వైరస్. 1884లో పాశ్చర్ ప్రయోగశాలలో చాంబర్లాండ్ పింగాణీ క్యాండిల్ చేశాడు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని అలాంటి క్యాండిల్‌తో వడగట్టాడు. బాక్టీరియా ఏదీ దాటకూడదు, కానీ ఆ రసం మొక్కలకు మళ్లీ తెగులు అంటించింది. వైరస్ అనేది ఒకటుందని లోకానికి తెలియడం అక్కడ మొదలైంది. నీ ఫిల్టర్ నుంచీ వైరస్‌లు అలాగే దాటిపోతాయి. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ, ఈ ఆ జాతివే. హెపటైటిస్ ఈ గర్భిణుల ప్రాణాలకే ముప్పు. నిండు నెలల్లో కళ్లు పచ్చబడి వచ్చిన అమ్మాయిలను చూశాను, ఆ ముఖాలు ఇప్పటికీ కళ్ల ముందు ఆడతాయి.

కాబట్టి వానలు మొదలైన నాటి నుంచి నీళ్లు తేటపడేదాకా ఫిల్టర్ నీళ్లను కూడా కాచి తాగు. తెరలు తెరలుగా కాగాక ఒక నిమిషం ఉంచితే చాలు. కట్టెలు తడిసిపోయి కాచే వీలు లేకపోతే ఆశా వర్కర్‌ని క్లోరిన్ బిళ్లలు అడుగు. వడగట్టిన నీళ్లలో, అట్టమీద ఎన్ని లీటర్లకని రాసుందో అన్నిటికే వేసి, అరగంట ఆగి తాగు. పైన డబ్బాలో వేయకు, బొగ్గున్న క్యాండిల్ ఆ క్లోరిన్‌ని మింగేస్తుంది.

ఒక మాట గుర్తుపెట్టుకో, కరిగిన ఫ్లోరైడునూ ఉప్పునూ ఈ ఫిల్టర్ ఆపదు. రేపు నల్లగొండకో కనిగిరికో వెళ్లాల్సి వస్తే దీన్ని నమ్ముకోవద్దు, అక్కడి నీళ్లు ముందు పరీక్ష చేయించు.

నీళ్ల పరీక్ష అంటే పెద్ద పనేమీ కాదు. మలకాలుష్యం ఉందో లేదో చెప్పే చిన్న సీసాలున్నాయి, హెచ్2ఎస్ సీసాలంటారు. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ ప్రయోగశాల శాస్త్రవేత్త మంజా బృందం కనిపెట్టిన పద్ధతి అది. జల్ జీవన్ మిషన్ కింద ఊరి ఆడవాళ్లకు నేర్పి ఇస్తున్నారు, మీ పంచాయతీలోనూ అడిగి చూడు. ఒక సీసాలో కుళాయి నీళ్లు, ఇంకో సీసాలో ఫిల్టర్ నీళ్లు గీత దాకా పోసి, మూత పెట్టి, వెచ్చటి చోట రెండు రోజులుంచు. నల్లబడితే ఆ నీళ్లలో మలకాలుష్యం ఉందని అర్థం. ఫిల్టర్ సీసా కూడా నల్లబడితే క్యాండిళ్లు, వాషర్లు, కుళాయి ఈ వరసలో వెతుకు. అయితే వైరస్ సంగతి ఈ సీసా చెప్పదు, అందుకని కాయడం మానకు. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ పోసి, కాసేపాగి పారెయ్, పిల్లలకు అందనీయకు.

రేపటి పాడేరు బస్సులో ఫిల్టర్, అదనంగా రెండు క్యాండిళ్లు, నాలుగు వాషర్లు, ఒక కుళాయి, అరడజను సీసాలు పంపిస్తున్నాను. క్యాండిళ్లు బట్టలో చుట్టి పెట్టాను, విప్పేటప్పుడు కింద పరుపో దుప్పటో వేసుకో. ఊది చూశాక ఏమైందో, రెండు రోజులకు ఏ సీసా ఏ రంగుకు వచ్చిందో నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ